హాపర్ మీద చెక్క సుత్తి

ముప్పై ఏళ్లకు పైగా విలేకరిగా పని చేశాను. ఆ కాలమంతా ఎవరేం చెప్పినా, చెప్పకుండా దాచిన మాట ఏమిటా అని వెతకడమే నా పని. గనిలోకి నీళ్లు వచ్చాయంటే మోటారు ఎవరు ఆపారని, ఆఫీసరు బదిలీ అయ్యాడంటే ఎవరు చేయించారని, యూనియన్ నాయకుడు నవ్వుతూ పలకరిస్తే ఏం కావాలని ఆలోచించేవాణ్ని. గోదావరిఖనిలో మా పక్కింటాయన ఓసారి కొత్త సైకిలు కొన్నాడు. అందరూ 'ఎంత పడింది' అని అడిగారు. నేను 'ఎందుకు కొన్నావు' అని అడిగాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతుంది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అనుమానపడటం ఎట్లాగో చెప్పమంటారు. అది ఒకరు చెప్పనక్కరలేదు, నాలుగు రోజులు పోలీస్ స్టేషన్ చుట్టూ, బొగ్గు కంపెనీ జీఎం ఆఫీసు చుట్టూ తిరిగితే అదే వస్తుంది. వాళ్లకు నేను ఎక్కువగా చెప్పేది ఈ ఒక్క సంగతే. ఇందులో నా అనుమానం ఎక్కడా తడబడలేదు. అడుగడుగునా దానికి సాక్ష్యం దొరికింది. అందుకే చెబుతాను.

తెలంగాణ రాష్ట్రం రావడానికి రెండు మూడేళ్ల ముందు మాట. రామగుండం వైపు ఒక యువ ఇంజినీరు చిన్న వర్క్‌షాపు పెట్టాడు. కమాన్‌పూర్ దగ్గరి పల్లెవాడు. తండ్రి గనిలో పని చేసి రిటైరయ్యాడు. కొడుకు హైదరాబాద్‌లో ఏదో ఫ్యాక్టరీలో పని నేర్చుకుని వచ్చి, ఉన్నదంతా ఊడ్చి ఒక లేజర్ యంత్రం తెచ్చాడు. పంపుల్లో, కన్వేయర్లలో అరిగిపోయిన ఇనుప షాఫ్టులను పారేయకుండా, అరిగిన చోట మళ్లీ లోహం పెంచి కొత్తవాటిలా చేస్తుందట. బొగ్గు కంపెనీ కొన్ని షాఫ్టులు ఇచ్చి చేసి చూపించమంది. అవి నిలబడితే వర్క్‌షాపు నిలబడుతుంది. మా పేపరు ఆదివారం పేజీకి కథనం రాద్దామని, తొలకరి పడ్డాక ఒక ఉదయం వెళ్లాను.

యంత్రం గురించి మీకు తెలియాల్సింది కొంచెమే. గాజు కిటికీ ఉన్న ఒక ఇనుప గదిలో షాఫ్టు మెల్లగా తిరుగుతూ ఉంటుంది. పైనుంచి లేజర్ కిరణం పడిన చోట గోరంత మేర లోహం కరిగి మడుగవుతుంది. సరిగ్గా ఆ మడుగులోకి సన్నని లోహపు పొడి వచ్చి పడాలి. అది కరిగి, గట్టిపడి, షాఫ్టు మీద ఒక పట్టీలా మిగులుతుంది. పట్టీ పక్కన పట్టీ, దానిమీద ఇంకో వరస. పొడి మాత్రం గది బయట, మనిషి ఎత్తున ఉన్న స్టాండు మీద, హాపర్‌లో ఉంటుంది. హాపర్ అంటే గరాటు ఆకారంలో ఉన్న స్టీలు తొట్టి. దాని అడుగున గాడి ఉన్న ఒక బిళ్ల తిరుగుతుంది. గాడిలో పడిన పొడిని గ్యాసు సన్నని గొట్టంలోంచి లోపలికి ఊదుకుపోతుంది.

"లేజర్‌ది ఏం లేదన్నా," అన్నాడు ఇంజినీరు. "స్విచ్చేస్తే మండుతది. కష్టమంతా పొడి కాడనే. మొదటి నుంచి ఆఖరిదాక ఒక్క తీరుగ పడాలె. తక్కువ పడితే షాఫ్టే కాలుతది. ఎక్కువ పడితే సగం కరగకుండ ఉండిపోతది, లోపల బొక్కలు పడ్తయ్. పైకి మంచిగనే కనవడ్తది, పనిల పడినంక ఊడుతది."

యంత్రం నడిపేది ఒక పెద్ద ఫిట్టరు. బొగ్గు కంపెనీలో, బొగ్గు నింపే బంకర్ల దగ్గర పాతికేళ్లకు పైగా చేసి రిటైరైన మనిషి. చర్చికి పోయే కుటుంబం. తెల్లచొక్కా మోచేతుల దాకా మడిచి, కళ్లద్దాలకు తాడు కట్టుకుని ఉన్నాడు. ఇంజినీరు మాట్లాడుతున్నంతసేపూ చేతులు వెనక్కి పెట్టుకుని, పక్కన నిలబడి ఉన్నాడు.

"రిటైరైనంక గుడ పనేందన్నా?" అని అడిగాను.

"ఇంట్ల కూసుంటె చేతులు గుంజుతున్నయ్ తమ్మీ. కుర్చీలు విప్పి బిగించిన, బీరువా విప్పి బిగించిన. మిక్సీ మీద చెయ్యేసేసరికి మా ఇంటామె ఎటన్న పొమ్మని తరిమింది."

ఇంజినీరుకు ఫోనొచ్చి బయటికి వెళ్లాడు. యంత్రం నడుస్తూనే ఉంది. ఫిట్టరు స్టాండు వెనక నుంచి చిన్న చెక్క సుత్తి తీసి హాపర్ నడుము మీద తట్టాడు. టక్, టక్. చెవి దగ్గర పెట్టి విన్నాడు. మళ్లీ టక్.

"ఏందన్నా అది?"

"తుమ్మకట్టె. నేనే చెక్కిన."

"అది కాదు. ఎందుకు కొడ్తున్నవ్?"

"లోపల ఎంతున్నదో, ఎట్ల దిగుతున్నదో చప్పుడే చెప్తది. బంకర్ల బొగ్గు గుడ గిట్లనే పట్టుకుంటది వానకాలం. ఒక్కటేస్తే దిగుతది."

మా ప్రాంతం మనిషికి ఇది వింత కాదు. ఇక్కడ గని పైకప్పును కర్రతో కొట్టి, ఆ చప్పుడు విని, కింద నిలబడాలా వద్దా తేల్చుకున్న మనుషులు ఇంటికొకరు ఉంటారు. నాకు ముచ్చటేసింది. నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇంజినీరు తిరిగి వచ్చేసరికి సుత్తి చేతిలో లేదు. అది ఎప్పుడు స్టాండు వెనక్కి వెళ్లిందో నేను గమనించలేదు.

కథనాన్ని ఆ సుత్తి చప్పుడుతోనే మొదలుపెట్టి పంపాను. డెస్కు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "లేజర్ యంత్రం అని హెడ్డింగ్ పెట్టి లోపల సుత్తి ఏంటండీ? పాతకాలం వాసన వస్తోంది. ఆ పేరా తీసేస్తున్నా," అన్నాడు. సరేనన్నాను. ఆదివారం పేజీలో అందమైన ఫోటోతో వచ్చింది. సుత్తి లేదు.

వానలు ముదిరాక ఒక ఓపెన్‌కాస్టు గని గుంతలో నీళ్లు తోడే పెద్ద పంపు ఆగిపోయింది. అడుగున బొగ్గు తీసే చోటంతా మునిగింది. మనుషులకు ఏమీ కాలేదు, యంత్రాలను ముందే పైకి తెచ్చారు. పంపు విప్పి చూస్తే, లేజర్‌తో పెంచిన లోహం షాఫ్టు మీంచి పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. కారణం తేల్చి చెప్పేదాకా ఇంకో షాఫ్టు ఇచ్చేది లేదని కంపెనీవాళ్లు అన్నారు.

నేను వెళ్లేసరికి ఇంజినీరు వర్క్‌షాపు ముందున్న చాయ్ బండి దగ్గర ఒక్కడే ఉన్నాడు.

"పొడిల ఏమన్న కల్తీనా?" అన్నాను. నా మొదటి అనుమానం పొడి అమ్మినవాళ్ల మీద.

"పంపించి చూపిచ్చిన. పొడి మంచిదే."

"మరి యంత్రం?"

"యంత్రమే అయితే అన్నిసార్లు పాడు కావాలె గదా అన్నా? పక్కకు పెట్టిన షాఫ్టులన్నీ మళ్ల చూసిన. నేను దగ్గర నిలవడి చేయించినయి అద్దం తీరుగున్నయ్. నేను టౌనుకు పోయిన దినం చేసినయే పాడైనయ్. పొడి అదే, గ్యాసు అదే, ప్రోగ్రాం అదే. మారింది ఒక్కటే. నేను ఉన్ననా, లేనా."

"అప్పుడు యంత్రం కాడ ఉన్నది ఫిట్టరొక్కడే గదా మరి."

అతను చాయ్ గ్లాసును చేతిలో తిప్పాడు. "నేను అనలే."

"నువ్వు అనకు. నేను అడుగుతున్న."

"కాక వాళ్ల ఇంటామె తోడవుట్టిన అన్నది వెల్డింగ్ షాపు. మునుపు గీ షాఫ్టులన్నీ ఆయన కాడికే పోయేటియి."

ఆ మాట వినగానే నాకు లోపల దీపం వెలిగినట్టయింది. ఎవరూ చూడనప్పుడే పని పాడవుతోంది. పాడైతే లాభపడే మనిషి చుట్టమే. ఇంకేం కావాలి? ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది కానీ, ఆ నిమిషాన నాకు కలిగింది సంతోషమే.

అట్నుంచి అటే వెల్డింగ్ షాపుకు పోయాను. షాపాయన, ఫిట్టరుకు బావ వరస, బెల్లంపల్లి మనిషి. అక్కడ గనులు ఒక్కొక్కటిగా తగ్గిపోతుంటే షాపును గోదావరిఖనికి మార్చుకున్నాడు. భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. వెల్డింగ్ ముసుగు నెత్తి మీదికి ఎత్తి నన్ను చూడగానే కేకేశాడు.

"పేపరాయన వచ్చిండు, జర కుర్చీ తుడువుండ్రి! ఏంది సంగతి?"

"లేజర్ కాడ షాఫ్టు పెచ్చులూడిందట గదన్నా."

"ఊడదా మరి? దీపం పెట్టి ఇనుము అతికిస్తరట! మేము ముప్పై ఏండ్లు పొగ పీల్చి అతికిచ్చినం. ఒక్కటి ఊడిందని ఎవ్వలన్న వచ్చిండ్రా?"

"మీ బావే గదా ఆడ చేసేది?"

"మా బావ గా యంత్రాన్ని పెండ్లి చేసుకున్నడు. మా ఇంటికొచ్చినా గదే ముచ్చట. పొడి గిట్ల పడ్తది, మంట గట్ల లేస్తది. నేనే అన్న, ఓ బావా, నువ్వు గా యంత్రాన్ని ముంచు, నాకింత పని దొరుకుతది, నీకు రోజు కోడికూర పెడ్త అని."

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. బయటికి వచ్చి, బండి సీటు మీద నోట్‌బుక్కు పెట్టి ఆ మాట రాసుకున్నాను. నవ్వు రాసుకోలేదు.

మరుసటి రోజు జిల్లా పేజీలో పైనే వచ్చింది. 'లేజర్ వర్క్‌షాపులో ఇంటిదొంగ?' అని శీర్షిక. కింద, "'యంత్రాన్ని ముంచమన్నా': ఉద్యోగి సమీప బంధువు." పేర్లు రాయలేదు. పేర్లు రాయకపోవడం మా జాగ్రత్త, ప్రశ్న గుర్తు మా ఇంకో జాగ్రత్త. ఆ రెండూ ఉంటే ఎవరూ మనల్ని ఏమీ అనలేరని డెస్కులో నమ్మకం. గోదావరిఖనిలో లేజర్ యంత్రం ఒక్కటే. దాన్ని నడిపేవాడు ఒక్కడే. ఇక పేరెందుకు?

ఆ ఉదయమే ఇంజినీరు ఫిట్టరుతో, "కొన్ని దినాలు ఇంటికాడ ఉండు కాకా," అన్నాడట. ఆయన ఎందుకని అడగలేదట. చేతులు కడుక్కుని, టిఫిన్ గిన్నె తీసుకుని, బస్టాండు వైపు నడిచిపోయాడట. బస్సులో పేపరు చదువుతున్న ఎవరో పలకరించబోయి ఆగిపోయారని తర్వాత విన్నాను. వెల్డింగ్ షాపాయన తన చెల్లెలి ఇంటికి పోయి వాకిట్లో నిలబడి, "నవ్వులాటకు అన్న మాట పేపర్ల పెట్టిస్తవా బావా?" అని అరిచాడు. ఆ మాట నాకు చెప్పింది ఫిట్టరు అని ఆయన అనుకున్నాడు. షాపులో ఉండి విన్నది నేనేనన్న సంగతి కోపంలో ఆయనకు తోచలేదు. రెండిళ్ల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే ఫిట్టరు చివరి వరసకు మారాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఇంజినీరు తానే యంత్రం నడిపాడు. పాత ఇనుము మీద చేసిన ప్రతి పట్టీ అద్దంలా వచ్చింది. ఒక్కటి కూడా పాడు కాలేదు. "మీరు రాసిందే నిజమైందన్నా," అన్నాడు ఫోన్‌లో. అతని గొంతులో సంతోషం లేదు. నాకు మాత్రం ఉంది. మా స్టాఫ్ రిపోర్టరు భుజం తట్టాడు. మనిషి పోయాడు, తప్పు పోయింది. నిరూపణ అంటే ఇంతకంటే ఏముంటుంది?

ఆ నెలాఖరులో ముసురు పట్టింది. తడిసిన బొగ్గు బంకర్లలో దిగడం లేదని, రైలు పెట్టెలు నిండక నిలబడిపోయాయని తెలిసి పొద్దున్నే అక్కడికి పోయాను. పెద్ద ఇనుప బంకరు చుట్టూ ఐదారుగురు నిలబడి సుత్తులతో బాదుతున్నారు. ఒకరు కొట్టి ఆగడం, ఇంకొకరు చెవి పెట్టి వినడం, మళ్లీ కొట్టడం. కొట్టినప్పుడల్లా లోపల ఏదో విరిగినట్టు గుబుక్కుమని, తడి బొగ్గు ఒక్కసారిగా వచ్చి పడేది. మళ్లీ ఆగిపోయేది.

"కొట్టకుంటే దిగదా?" అని అక్కడి ఫోర్‌మన్‌ని అడిగాను.

"దిగుతదా? గీ చప్పుడు ఇని చెప్పే మనిషి ఒకాయన ఉండె మా కాడ. ఒక్క దెబ్బేసి, గీడ పట్టిందిరా అని వేలు పెట్టి చూపిచ్చేటోడు. గాయన రిటైరైనంక మేము గిట్ల ఊకె బాదుకుంటున్నం." అని నా మొహంలోకి చూశాడు. "గా అన్న మీదనే గదా నువ్వు రాసింది?"

బంకరు మీద మళ్లీ దెబ్బ పడింది. ఆ చప్పుడు కాదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య వినడానికి ఆగే ఆ విరామం నాకు ఎక్కడో తెలుసు.

ఇంటికొచ్చి పాత నోట్‌బుక్కులు మంచం మీద పోశాను. జూన్ నెల పుస్తకంలో దొరికింది. నా చేతిరాతే. 'టక్ టక్. ఆగి వింటాడు. తుమ్మకట్టె, తానే చెక్కాడు. బొగ్గు గిట్లనే పట్టుకుంటది.' దాని కిందనే ఇంజినీరు మాట. 'మొదటి నుంచి ఆఖరిదాక ఒక్క తీరుగ పడాలె.' రెండు వాక్యాలూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి, మూడు నెలలుగా ఉన్నాయి. రాసుకున్నవాణ్ని నేనే. ఎవరు ఏం దాస్తున్నారా అని ఊరంతా తిరిగాను. ఎవరూ ఏమీ దాయలేదు. నేను వెతికిన జవాబు నా సంచిలోనే ఉంది.

అప్పుడు కూడా ఆయన మీద నమ్మకం కుదరలేదు. అలవాటైన బుద్ధి. పొడి సరిగ్గా పడకుండా చేసింది ఆ సుత్తి దెబ్బే కావచ్చు, కానీ ఆయన తెలిసే కొట్టాడేమో. ఇంజినీరు ఉన్నప్పుడు ఎందుకు కొట్టలేదు? ఆ ప్రశ్న మోసుకునే వర్క్‌షాపుకు పోయాను.

"చెక్క సుత్తెతోని తట్టితే ఏమైతదన్నా?" అని ఇంజినీరు కొట్టిపారేశాడు. "అయినా కాక తట్టంగ నేను ఒక్కనాడు సూడలే."

"నేను సూసిన."

స్టాండు వెనక వెతికితే సుత్తి దొరికింది. పిడి నున్నగా, చేతి ఆకారానికి అరిగి ఉంది. ఇంజినీరు దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పనికిరాని షాఫ్టు ముక్క ఒకటి యంత్రానికి ఎక్కించాడు. సగం దాకా ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. సగం అయ్యాక సుత్తి నా చేతిలో పెట్టాడు. "ఎట్ల కొట్టేటోడో మీరే సూసిండ్రు. మీరే కొట్టుండ్రి."

కొట్టాను. టక్, టక్. ఆగాను. మళ్లీ టక్.

అతను నల్ల అద్దంలోంచి లోపలికి చూస్తున్నాడు. పొడి దారంలా సన్నగా, మెరుస్తూ మడుగులోకి పడుతోంది. నేను కొట్టిన కాసేపటికి ఆ దారం సన్నబడింది. ఇంకాసేపటికి ఇంచుమించు తెగిపోయింది. తర్వాత ఒక్కసారిగా లావుగా వచ్చి పడింది.

"మళ్ల కొట్టుండ్రి," అన్నాడు.

ముక్క చల్లారాక లేత్ మీద పైపొర తీసి నున్నగా చేశాడు. లోపాలుంటే చూపించే ఎర్ర రంగు పూసి, తుడిచి, దానిమీద తెల్లటి మందు చల్లాడు. ఇద్దరం ముక్క ముందు కూర్చున్నాం. ఒక సగం తెల్లగా ఉండిపోయింది. నేను సుత్తి కొట్టిన సగంలో తట్టు పోసినట్టు ఎర్రచుక్కలు ఒక్కొక్కటే పైకి తేలాయి.

"బొగ్గు పెళ్లలు కొడితే ఇడిపోతయ్," అన్నాడు ఇంజినీరు చివరికి. "గిది పిండి కంటె సన్నం. కొట్టినకొద్ది అడుగున గడ్డలెక్క కూసుంటది. జరసేపు దిగది. ఇగ దిగితే గుబుక్కున దిగుతది." ముక్కను పక్కన పెట్టి అన్నాడు. "తప్పు నాది గుడ ఉన్నదన్నా. వానకాలం పొడిని వేడి పెట్టెల ఆరబెట్టి పోయాలె. మొదట్ల నేను పట్టిచ్చుకోలే. చెమ్మకు పట్టుకొని ఉంటది, ఆయనకు గిదే తోవ దొరికింది."

ఆ ముక్కను పాత పేపరులో చుట్టుకుని ఇద్దరం ఫిట్టరు ఇంటికి పోయాం. ఆ పేపరు మాదే, ఆయన మీద నా వార్త వచ్చిన రోజుది మాత్రం కాదు. నేను చూసుకునే చుట్టాను.

తలుపు ఆయన భార్య తీసింది. నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"ఓహో, పేపరాయన. ఇయ్యాల ఏం రాయనీకొచ్చినవ్? మా ఇంట్ల పొయ్యి మీద ఏం ఉడుకుతున్నదో రాస్తవా? పప్పు. రాస్కో. పక్కకు ప్రశ్న గుర్తు పెట్టు."

"అక్కా, తప్పు రాసిన. చెప్పనీకే వచ్చిన."

"రాసేటప్పుడు రాకపోతివి. ఒక్కసారన్న వచ్చి అడగకపోతివి." పక్కకు తప్పుకుంది. కూర్చోమనలేదు.

నిజమే. నేను పొడిని అనుమానించాను, యంత్రాన్ని అడిగాను, ఇంజినీరును అడిగాను, బావను అడిగాను. ఆ మనిషిని మాత్రం అడగలేదు. దొంగ నిజం చెబుతాడా అనుకున్నాను.

ఫిట్టరు ముక్కను వెలుతురు వైపు తిప్పి బొటనవేలితో తడిమాడు. ఇంజినీరు అంతా చెప్పాడు. నేను సుత్తి సంగతి చెప్పాను. ఆయన వింటూ ఎర్రచుక్కల మీద వేలు ఆడిస్తూనే ఉన్నాడు.

"గిది నా చెయ్యేనా?"

"కాదన్నా. నీ తీరుగ నేను కొట్టిన."

"నా తీరే గదా." ముక్కను ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇన్ని దినాలు నేను జెయ్యలే, జెయ్యలే అనుకుంట పండుకున్న. ప్రార్థనల గుడ గదే చెప్పుకున్న. ఇప్పుడేమో నేనే జేసిన అంటున్రు."

"తెల్వక జేసినవ్," అంది భార్య, తలుపు దగ్గర నుంచి.

"తెల్వక జేసినా షాఫ్టు ఊడింది. నీళ్లు నిండినయ్."

ఇంజినీరు నోట్లోనే నలుగుతున్న మాట అడిగేశాడు. "నేనున్నప్పుడు ఎందుకు కొట్టలే కాకా? ఒక్కనాడు నా ముందట కొట్టినా, వద్దంటుంటి గదా."

ఫిట్టరు అతని వైపు ఆశ్చర్యంగా చూశాడు. అడగవలసిన ప్రశ్నే కాదన్నట్టు. "మీరు నిలవడితే నేను సుత్తె పట్టుకొని నిలవడ్తనా సారూ? మా కాడ మేనేజరొస్తే చేతిల ఉన్నది కింద పెట్టి నిలవడేది. గది మర్యాద."

ఇంజినీరు తండ్రి కూడా గనిలో పనిచేసినవాడే. అతను తల దించుకున్నాడు. ఏ సాక్ష్యాన్ని చూసి మేమిద్దరం ఇది కుట్ర అని తేల్చుకున్నామో, అది ఒక మనిషి మర్యాద.

"రేపటి సంది డ్యూటీకి రా కాకా."

ఫిట్టరు అతనికి జవాబివ్వకుండా నా వైపు తిరిగాడు. "మా బావ మీద రాసిందో?"

"సవరణ రాస్త."

"ఆయన నవ్వుకుంట అన్నడని రాయి. ఆయన ఎప్పుడు నవ్వకుండ ఏ మాటా అనలే."

రాశాను. సుత్తి గురించి, మర్యాద గురించి, నవ్వు గురించి ఒక కాలమ్ రాసి పంపాను. డెస్కులో తెగ్గోసి లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశారు. 'సాంకేతిక లోపమే కారణమని తేలింది' అని ఉంది. నవ్వు ఈసారీ రాలేదు. ఆ వార్త ముక్క కత్తిరించుకుని వెల్డింగ్ షాపుకు పోయి, పనివాళ్లందరి ముందు జరిగింది చెప్పాను. మీ బావ నాకేం చెప్పలేదు, నువ్వు నవ్వులాటకు అన్నది నేనే ఎత్తుకుపోయి రాసుకున్నాను అన్నాను. కుర్చీ తుడవమని ఆయన ఎవరికీ చెప్పలేదు.

"నేను నవ్వింది సరే," అన్నాడు. "నువ్వు నవ్వింది గుడ నాకు యాదున్నదయ్యా." ముసుగు కిందికి దించుకుని పనిలో పడ్డాడు. ఆ ఆదివారం చెల్లెలి ఇంటికి కోడిని పట్టుకుని పోయాడని తర్వాత తెలిసింది. నాతో మాత్రం మళ్లీ మాట్లాడలేదు.

ఫిట్టరు వారం దాకా డ్యూటీకి రాలేదు. ఇక రాడనుకున్నాం. వచ్చిన రోజున ఇంజినీరు నాకు కబురు పంపాడు. కంపెనీవాళ్లు కారణం ఒప్పుకుని, ఇంకో పంపు షాఫ్టు ఒక్కటే ఒక్కటి ఇచ్చారు. ఇది నిలబడితే మిగతావి. ఆరబెట్టిన పొడి హాపర్‌లో పోసి ఉంది. చెక్క సుత్తి టేబుల్ మీద ఉంది. దాన్ని ఎవరు తీయాలో తెలియనట్టు అందరం దాన్ని తప్పించుకుని తిరుగుతున్నాం. చివరికి ఫిట్టరే తీసి, గుడ్డతో తుడిచి, ఎప్పుడూ ఉండే చోట, స్టాండు వెనక పెట్టాడు.

ఇంజినీరు యంత్రం పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఫిట్టరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"సారూ, మీరు బయటికి పోండ్రి."

"ఎందుకు కాకా? ఉంట."

"మీరుంటే నేను ఎట్లయినా కొట్టను. అది నాకెర్కనే. మీరు లేనప్పుడు కొడ్తనో, కొట్టనో సూసుకోవాలె." అని నా వైపు చూశాడు. "తమ్మీ, నువ్వు గుడ."

ఇద్దరం బయటికి వచ్చాం. ఇంజినీరు తలుపు వేసి చాయ్ బండి వైపు నడిచాడు, వెనక్కి చూడకుండా. నేను పోలేదు. షెడ్డు రేకు గోడ పక్కన నిలబడ్డాను. వాన ఆగింది. లోపల యంత్రం మొదలైంది, గ్యాసు సన్నగా ఊదుతున్న చప్పుడు. నేను చెవి రేకుకు ఆనించాను. ఒక టక్ కోసం. వినపడకూడదని కోరుకుంటున్నానో, వినపడాలని కోరుకుంటున్నానో అప్పుడు నాకు తెలియలేదు. ఒక్కటి వినపడితే ఎంత మంచి వార్త అవుతుందో మాత్రం తెలుసు.

రేకు చల్లగా ఉంది. ఇంజినీరు చాయ్ బండి దగ్గర నుంచి నన్ను చూస్తున్నాడు. ఉన్నదంతా ఆ షాఫ్టు మీద పెట్టినవాడు అక్కడ కూర్చోగలిగాడు. ఏమీ పెట్టనివాణ్ని నేను గోడకు చెవి పెట్టి ఉన్నాను.

చెవి తీసేశాను. బండి స్టార్టు చేసుకుని ఇంటికి వచ్చేశాను. నా ఉద్యోగంలో సంగతి తేలకముందే లేచి వచ్చింది ఆ ఒక్కసారే. తర్వాత వర్క్‌షాపు నడిచింది. ఫిట్టరు కంటిచూపు తగ్గేదాకా అక్కడే చేశాడు. ఆ పొద్దు లోపల సుత్తి చేతిలోకి తీసుకున్నాడో లేదో నేను ఇప్పటిదాకా ఎవరినీ అడగలేదు.